నూటయాభై గజాలు, రిజిస్ట్రేషన్ లేదు

రెడింగ్, ఇంగ్లండ్
మే 28

కాకకు దండాలు.

అమ్మ ఏం చెప్పిందో నాకు ఎరుకే. "మా చిన్నోడు లండన్ల ప్లాటు తీసుకున్నడు" అని నాచారం ఈఎస్ఐ దవాఖాన కాడ మొదలైన మాట మల్లాపూర్ దాక పోయి, హబ్సిగూడ సిగ్నల్ కాడ మలిగి, ఉప్పల్ రింగు రోడ్డుల నీ ఆఫీసుకు చేరేటాల్లకు కార్నర్ బిట్టు అయిందట. నీ వాయిస్ మెసేజ్ విన్న. గజం ఎంత, ఫేసింగ్ ఏంది, లింకు డాక్యుమెంట్లు ఉన్నయా, ఎల్ఆర్ఎస్ కట్టిన్రా, రేపు అమ్మితే ఎంత వస్తది అని ఒక్క ఊపిరిల అడిగినవ్. మంచిగున్నవా బిడ్డా అని మాత్రం అడగలె. సరే, అన్నిటికీ జవాబు రాస్త. కుర్చీల నిమ్మలంగ కూసోని చదువు. బీపీ గోలీ వేసుకున్నంకనే చదువు.

ముందుగాల, అది లండన్ కాదు. రెడింగ్. లండన్‌కు పడమట, రైలుల అరగంట. ఘట్‌కేసర్ జాగను "ఉప్పల్ పక్కనే సార్" అని అమ్మేటోనివి, అమ్మ లెక్క నీకు అర్థమైతది.

రెండోది, నేను కొనలె. కిరాయికి తీసుకున్న. దీన్ని అలాట్‌మెంట్ అంటరు. ఇంటి ఎనుక జాగ లేనోళ్ళు కూరగాయలు పండించుకునేటందుకు ఊరి కౌన్సిల్ ఇచ్చే మడి. కౌన్సిల్ అంటే మన జీహెచ్ఎంసీ అనుకో. 1908ల చేసిన చట్టం ఉన్నది: ఓటు హక్కున్న ఆరుగురు కలిసి మాకు జాగ కావాలె అని రాసిస్తే, కౌన్సిల్ ఆ అర్జీని పక్కకు పడెయ్యొద్దు. మన గల్లీల ఆరుగురు ఒక్క మాట మీద ఉండంగ నేనైతే ఎన్నడు చూడలె, గణేశ్ చందా కాడ కూడ. 1922ల ఇంకో చట్టం చేసిన్రు. పండించినదాంట్ల ఎక్కువ భాగం నువ్వు, నీ ఇంటోళ్ళే తినాలె. అంగడి పెట్టొద్దు. అమ్మొద్దు, రాసియ్యొద్దు, ఇల్లు కట్టొద్దు. ఖాళీగ ఉంచుకొని రేటు పెరిగేదాక సూసుకుంట కూసుంటే నోటీసు ఇచ్చి గుంజుకుంటరు. కాక, ఇక్కడ నీ ధంద ఒక్క పూట నడవది.

కిరాయి సంగతి చెప్తె నమ్మవు. ఏడాదికి కట్టేది నాచారంల సింగిల్ రూము ఒక నెల కిరాయంత. అందుకనే పేరు రాయించుకున్నోళ్ళ లైను అంత పొడుగు. నేను పేరు ఇచ్చిననాడు నాకు పెండ్లి కాలె. పిలుపు వచ్చేటాల్లకు మా పిల్ల బడికి పోతున్నది.

ఇగ గజాలు. ఇక్కడోళ్ళు ఈ జాగలను ఇంకా పోళ్ళల్ల కొలుస్తరు. సర్వే ఆఫ్ ఇండియా గోడ పక్కపొంటి సైకిల్ తొక్కి పెరిగినోన్ని గద, లెక్క చేసి చూసిన. పోలు అంటే అయిదున్నర గజాల పొడుగు. నాలుగు పోళ్ళు పెడితే 22 గజాలు, అంటే మన ఉప్పల్ స్టేడియంల పిచ్ ఈ స్టంప్ నుంచి ఆ స్టంప్ దాక. నాలుగు చదరపు పోళ్ళు కలిపితే 121 గజాలు, సక్కగ మన ఒక గుంట! ఇంగ్లీషోడు కొలత గొలుసు మన దిక్కు తెచ్చి పోయిండు, మనం ఇంకా దాంతోటే కొట్లాడుకుంటున్నం. ఫుల్ అలాట్‌మెంట్ పది పోళ్ళు, రెండున్నర గుంటలు. అడిగేటోళ్ళు ఎక్కువై ఇప్పుడు సగం సగం చేసి ఇస్తున్నరు. నాకు వచ్చింది సగం, 151 గజాలు. ఫేసింగ్ అంటవా, నాలుగు దిక్కుల కలుపే. నీళ్ళ తొట్టి నైరుతిల ఉన్నది, అమ్మకు చెప్పకు.

తాళం చెవి ఇచ్చిననాడు నడుము దాక గడ్డి. మన గరికకు అన్న అసొంటిది ఒకటి, భూమి లోపల తెల్లటి ఏర్లు పారించుకుంట పోతది. దానికి తోడు ఒక తీగ, చూస్తె తెల్ల పువ్వు సక్కగుంటది, ఏరు మాత్రం పాతాళం దాక. నువ్వైతే జేసీబీ పెట్టి ఒక్క పూటల చదును చేస్తుంటివి. పక్క మడి ముసలాయన (ఎనభై ఏండ్లుంటయి, టీ ఫ్లాస్కు లేంది రాడు) నాకు మొట్టమొదలు చెప్పింది అదే: మిషన్ పెట్టకు. ఏరు పది ముక్కలైతే పది మొక్కలు లేస్తయి. మొత్తం జాగ మీద పడి నడుం ఇరగ్గొట్టుకోకు, పావు వంతు తవ్వుకో, తక్కిన దానికి అట్టపెట్టెలు పరిచి నల్ల కవరు కప్పు, ఎలుగు లేక గడ్డి అదే చస్తది. నాకు ఈ పద్ధతి మస్తు నచ్చింది. జేసీబీ తోటి చదును చేస్తే వెంచరయితది, తోట కాదు.

ఎరువు ఫుకట్. గుర్రాల షెడ్లోళ్ళు పెంట తీస్కపొమ్మని బతిమాలుతరు. పచ్చిది పనికి రాదు, ఏడాది మాగినది కావాలె. సంచులల్ల నింపి కారు డిక్కీల తెచ్చిన. మీ కోడలు ఆనాటి నుంచి బస్సుల పోతున్నది.

ఆలుగడ్డల కాడ పెద్ద నవ్వులాట అయింది. ఇక్కడ ఇత్తనపు ఆలుగడ్డలను నాటే ముందు కోడిగుడ్ల అట్టలల్ల నిలబెట్టి కిటికీ కాడ పెడతరు, కండ్లల్ల నుంచి మొలకలు వచ్చేదాక. వీడియో కాల్ల మా అత్తమ్మ చూసి, "అల్లుడు ఆలుగడ్డలను పొదగబెట్టిండు" అని బోడుప్పల్ అంత చెప్పింది. చెప్పుకోనియ్యి. ఏప్రిల్ల నాటిన, ఇప్పుడు మోకాలు ఎత్తు లేచినయి, చుట్టూర మట్టి ఎగదోస్తున్న.

అక్కడ రోహిణి కార్తె, రోళ్ళు పలిగే ఎండ. ఇక్కడ మే నడిమి దాక మంచు పడతదేమో అని భయం. టమాట నారు ఇంట్ల పెంచి, పొద్దున బయట పెట్టి, పొద్దూకితే లోపలికి తెచ్చి, మెల్లమెల్లగ చలి అలవాటు చెయ్యాలె. మా పిల్లకు కూడ ఇంత సేవ చెయ్యలె. మీదికెల్లి రాత్రి పూట గుల్ల లేని నత్తలు వస్తయి, లేత మొక్కను తెల్లారేవరకు మాయం జేస్తయి. గిన్నెల బీరు పోసి నేలల పాతిపెడితే అండ్ల పడి చస్తయి. వైన్స్ కాడికి పోయినోడు ఇంటికి రాడని నాచారం ఇండస్ట్రియల్ ఏరియాల పెరిగినోనికి వేరే చెప్పాల్నా.

తోటకూర, మెంతికూర ఇక్కడి ఎండకాలంల మంచిగనే వస్తయట. గోంగూరకే గీర. దానికి వెచ్చగ ఉండాలె, ప్లాస్టిక్ గుడారం కట్టియ్యాలె. అయినా దేవుడు ఒక తొవ్వ చూపిచ్చిండు. నాకంటె ముందు ఉన్నోళ్ళు ఒక మూలకు రూబార్బ్ అనే చెట్టు ఇడిసిపెట్టి పోయిన్రు. ఎర్రటి కాడలు, నోట్ల పెడితే దవడలు గుంజే పులుపు. వీళ్ళు దాంట్ల చక్కెర పోసి తీపి చేసుకుంటరు, పాపం. మేం ఎల్లిపాయ, ఎండు మిరపకాయ ఏసి పచ్చడి నూరినం, కందిపప్పుల ఉడకబెట్టినం. పక్క మడి ముసలాయన రుచి చూసి రెండు గ్లాసుల నీళ్ళు తాగి, మళ్ళ చెయ్యి చాపిండు. ఆకు మాత్రం విషం. మొదటి ప్రపంచ యుద్ధం నాడు కూరలు దొరకక ఈ ఆకు తినుమని జనాలకు చెప్తే, తిన్నోళ్ళు పాణం మీదికి తెచ్చుకున్నరు. అమ్మ "ఆకు పారేస్తరా, కూరొండు" అంటదని ముందే రాస్తున్న.

ఇంకో ఇచిత్రం. మన చుక్కకూర చుట్టం ఒకటి, గింతంత ఆకు తోటి, గడ్డపారకు లొంగకుంట జాగ నిండ లేచింది. వీళ్ళకు అది కలుపు.

కాక, ఇప్పుడు అసలు పని. ఉప్పల్ భగాయత్‌ల మూసీ ఒడ్డున నువ్వు పాలకూర, తోటకూర, పశుల గడ్డి పండించి, పొద్దు పొడవక ముందే కట్టలు కట్టి మార్కెట్ల దించేటోనివని అమ్మ చెప్తది. నేను పుట్టి తెలివికి వచ్చేటాల్లకు నువ్వు ప్లాట్ల కాకవే. ఆ జాగల మెట్రో డిపో వచ్చింది, లేఅవుట్ వచ్చింది, 2019 వేలంల గజం డెబ్బై వేలు దాటింది. నిన్ను తప్పు పడతలేను. అంత రేటు నడుస్తుంటే పాలకూర ఎవ్వడేస్తడు? నా ఉల్లిగడ్డల మడి అయిదు గజాలు. భగాయత్ రేటు కడితే మూడున్నర లక్షలు. ఉల్లిగడ్డకు అంత ఖరీదు పరుపు ఏసినోడు మన ఖాన్‌దాన్ల నేనే.

కాని నీకు తెల్సిన ముచ్చట ఒకటి ఇక్కడ ఏ పుస్తకంల దొరకలె. తోటకూర ఇత్తనం ఆవాల కంటె సన్నం. చేతుల పడితే ఒక్క కాడనే కుప్పగ పడతది. ఇసుకల కలిపి చల్లుతరని అమ్మ అన్నది. పిడికెడు ఇత్తనానికి ఇసుక ఎంత? తడి ఇసుకనా, పొడిదా? చల్లినంక మట్టి కప్పాల్నా, చీపురు తోటి అట్ల అనాల్నా? ఆ చెయ్యి తిప్పుడు ఒక్కసారి ఫోనుల చూపియ్యి. ఆఫీసు ముందటి ఇసుక కుప్ప మీదనే చూపియ్యి, నీ కస్టమర్లు ఏమనుకుంటే నాకేంది.

ఇత్తనాలు మాత్రం ఎవ్వరి బ్యాగులనూ పంపకు. మొక్కలకు రోగం లేదని సర్కారు సర్టిఫికేటు లేకుంటే ఇక్కడ ఎయిర్‌పోర్టుల గుంజుకుంటరు. సర్టిఫికేటు ఖర్చుకు గోంగూర ఇక్కడనే బంగారం లెక్క తూచి కొనుక్కోవచ్చు.

చిన్నమ్మను అడిగిన అని చెప్పు.

నీ కొడుకు లెక్క,
చిన్నోడు

తా.క.: కోళ్ళు పెంచుకోవచ్చా అని అమ్మ అడిగింది. 1950 చట్టం పెట్టలకు, కుందేళ్ళకు ఒప్పుకుంది. పుంజు పేరు అండ్ల లేదు. అది తెల్లారుజామున నాలుగింటికి కూసిందంటే, చుట్టుపక్కలోళ్ళు కౌన్సిల్‌కు రాసే అర్జీ మీద ఆరు కాదు, అరవై సంతకాలు పడతయి. కాబట్టి బోనాలకు పుంజు నువ్వే చూసుకోవాలె.