ఆరు గంటల పాఠం, ఎనభై శాతం తగ్గింపు

డాలస్‌లో కొడుకు, కోదాడలో తండ్రి. ఇద్దరికీ ఒకే వారం స్పీడు చలానా పడిందనుకుందాం.

టెక్సాస్‌లో చిన్న తప్పయితే, కోర్టు ఒప్పుకుంటే, ఆన్‌లైన్‌లో డిఫెన్సివ్ డ్రైవింగ్ కోర్సు చేసి టికెట్టు కొట్టేయించుకోవచ్చు. ఆరు గంటలు కూర్చోవాలి. ఏడాదికి ఒక్కసారే ఆ వరం. పాపం కొడుకు ఆదివారం భోజనం కూడా వదిలి, ముందు బండికి ఎంత దూరం ఉండాలో నేర్చుకుంటాడు.

తండ్రికి అంత కష్టమెందుకు? ఆయన పాలసీ ఎదురుచూడటం. తెలంగాణలో 2022 మార్చిలో టూవీలర్ల పెండింగ్ చలానాలపై 75 శాతం తగ్గించారు. 2023 డిసెంబరు 26న ఆ తగ్గింపు మళ్లీ తెరిచి 80 శాతం అన్నారు. కార్లు, లారీలకు 60. తోపుడు బండ్లకైతే 90 (అవి ఏ స్పీడులో దొరికాయో మరి!). జనవరి 10 గడువు 31కి, ఆపై ఫిబ్రవరి 15కి జరిగింది. ముందే బుద్ధిగా కట్టినవాడు మాత్రం పూర్తి రేటుకు కొన్నట్టే.

అలాగని మనకు డిఫెన్సివ్ డ్రైవింగ్ రాదనకండి. 65వ నంబరు హైవే మీద సూర్యాపేట దాటగానే ఎదురొచ్చే లారీ రెండుసార్లు లైట్లు కొడుతుంది: ముందు స్పీడ్ గన్ ఉంది, జాగ్రత్త! మిర్యాలగూడలో హెల్మెట్ ట్యాంకు మీద నుంచి తలకెక్కేది పోలీసు కనపడ్డాకే. ఫీజు లేదు, పరీక్ష లేదు.

లైసెన్సు సస్పెండైతే రిఫ్రెషర్ శిక్షణ పూర్తిచేశాకే తిరిగివ్వాలని 2019 మోటారు వాహనాల సవరణ చట్టమూ అంటోంది. కొడుకు ఫోన్లో ఆ సంగతి చెబితే తండ్రి అడిగిందొక్కటే:

"దానికెంత శాతం తగ్గిస్తార్రా?"