చనుకొన ద్వారపాలకుని ఆత్మకథ

సాగరు ఎడమకాలువ నీటఁ బండిన వరిగడ్డి మేసి వేములపల్లిలో పెరిగిన ఒక యెఱ్ఱావు పొదుగునందు, వెనుక కుడిచన్ను కొనను, సుమారు ఒక సెంటీమీటరు నిడివిగల పాలద్వారమును ఉంగరమువలె చుట్టుకొనియున్న నునుపు కండరమును నేను. రెండు పూటల పిదుకుటకు నడుమ ఒక్క చుక్క జాఱనీయక, పేడలోని సూక్ష్మజీవులను లోనికి రానీయక మూసికొని యుండుటయే నా కొలువు. ఆవు తలఁచుకొన్నను నన్ను బిగింపలేదు, సడలింపలేదు. గుండెకును ప్రేగులకును పరస్పర విరుద్ధముగా పనిచేయు రెండు తెగల నాడులుండగా, నాకు సహానుభూత నాడి యొక్కటియే దిక్కు. దాని కొనలనుండి వెలువడు నార్‌అడ్రినలిన్ ఆల్ఫా గ్రాహకములను తాకినచో బిగియుదును, బీటా గ్రాహకములు ప్రేరితములైనచో సడలుదును.

అయినను చేపు నా చేతిలోనిది కాదు. దూడ మూతి తాకఁగానే ఆ స్పర్శ వెన్నుపాము వెంట మెదడునకేగును, అచ్చటి పీయూష గ్రంథినుండి (పీయూషమనగా అమృతమే కాదు, జున్నుపాలు కూడ, ఎంత తగిన పేరు!) ఆక్సిటోసిన్ నెత్తురులో దిగివచ్చి, ఇంచుమించు ఒక నిమిషములో పాలతిత్తులను పిండును. 1941లో అమెరికాలో ఎలీ, పీటర్సన్ అను శాస్త్రజ్ఞులు పొదుగున ఒక సగమునకు నాడులను కోసివేసినను ఆ సగమునందును పాలు దిగినవి. కాగితపు సంచులు పగులఁగొట్టి ఆవును బెదరించినప్పుడు మాత్రము చేపు నిలిచిపోయినది.

ఆ బెదురు నేనెఱుఁగుదును. ఒక వేకువను ఇంటి పెద్దమ్మకు జ్వరము వచ్చి మనుమఁడు చెంబు పట్టెను. బొటనవ్రేలు మడిచి చన్నును గుంజఁగా ఆవు కాలు విసరెను, అతఁడు కఱ్ఱ యెత్తెను. ఆ క్షణమున నెత్తురులో అడ్రినలిన్ పొంగినది. నాడి నన్ను బిగించినది. పొదుగునకు పాఱు రక్తనాళములు సన్నగిల్లి, వచ్చుచున్న ఆక్సిటోసిన్ కూడ తిత్తులను చేరలేకపోయినది. "ఎగచేపింది, దొంగది!" అని అతఁడు కసరెను. ఆ మాట నన్నెంతయో నొప్పించినది. దాచుకొనుట కాదది, భయము.

పెద్దమ్మ కంబళి కప్పుకొని కొట్టములోనికి వచ్చెను. "కొట్టకు బిడ్డా, బెదిరినంక యాడ చేపుతది? జరసేపు దూడను ఇడువు" అని, గంగడోలు నిమురుచు నిలిచెను. కొంతసేపటికి నా పట్టు సడలెను. చెంబులో మొదటి ధార చుయ్యిమనెను.

పిదికిన పిమ్మట నేను పూర్తిగా మూసికొనుటకు అరగంటకు పైగా పట్టును. అంతలో ఆవు పేడలో పండుకొన్నచో పొదుగువాపు క్రిములకు వాకిలి తెఱచినట్లే. అందుకే కాబోలు, చెంబు దించఁగానే పెద్దమ్మ ఆవు ముందర పచ్చిగడ్డి వేయును. అది నిలుచుండి నమలుచున్నది. నేను మెల్లగా ముడుచుకొనుచున్నాను.