ఆరంభశూరుల నౌకాదళం

ఆరంభశూరత్వం ఆంధ్రుల సొంత ఆస్తి అని మనవాళ్లే పనిగట్టుకుని ప్రచారం చేసిపెట్టారు. చెక్క బొమ్మ ఓడల కిట్ల లోకంలోకి ఒకసారి తొంగిచూస్తే, ఆ బిరుదును ఇంగ్లీషువాళ్లకీ అమెరికన్లకీ ఇటలీవాళ్లకీ కూడా పంచక తప్పదని తెలుస్తుంది. జన్మలో పెన్సిలు కూడా తిన్నగా చెక్కని పెద్దమనిషికి ఓ శుభోదయాన ఓడ కట్టాలని బుద్ధి పుడుతుంది. ఏ ఓడ? చేపల పడవా? ఛ! హెచ్.ఎం.ఎస్. విక్టరీ. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో ఇంగ్లీషు నౌకాధిపతి నెల్సన్ ఎక్కిన ఓడ. మూడు అంతస్తుల్లో బారులు తీరిన 104 ఫిరంగులు. అంతకంటే తక్కువదైతే నెల్సన్ మాట అటుంచండి, పక్కింటాయన కూడా తిరిగి చూడడు.

ఈ ఎంపిక వెనక గట్టి లెక్కే ఉంది. చిన్న పడవ కిట్టులో ముక్కలు కొన్నే, విక్టరీ డబ్బాలో వేలు. ధరని ముక్కల సంఖ్యతో భాగిస్తే పెద్దదే చవక! ఇంత టోకు బేరం వదులుకోవడానికి మనమేమన్నా వెర్రివాళ్లమా? ఆ ముక్కలన్నీ అతికించాల్సింది తనే అన్న సంగతి మాత్రం ఈ భాగాహారంలో ఎక్కడా తేలదు. 104 ఫిరంగులకు బళ్లు కడితే చక్రాలే 416. కిట్టు తయారుచేసేవాళ్లకే జాలి కలిగి, కింది అంతస్తుల్లో చాలావాటికి ఉత్త గొట్టం మూతులు ఇచ్చి సరిపెడుతుంటారు. 1780లో ఈ ఓడ అడుగుకు రాగి తొడుగు వేశారు కాబట్టి, గోరంత రాగి రేకులు వేలల్లో అంటించాలి. మూడు తెరచాప కొయ్యలకు అటూ ఇటూ తాడు నిచ్చెనలుంటాయి, వాటిలో తాడూ తాడూ కలిసిన ప్రతిచోటా ఒక ముడి. అదే ముడి, వేల సార్లు. జపం చేసినా ఇంతకంటే తొందరగా పుణ్యం దక్కుతుంది.

అసలు ఆ ముడుల దాకా వెళ్లేవాడెవడు? కథ పొట్ట దగ్గరే ఆగిపోతుంది. కొనేవాడు కొయ్యలు లెక్కపెడతాడు, ఫిరంగులు లెక్కపెడతాడు. ఓడ పొట్ట ఏ ఆకారంలో ఉందో చూడడు. మొదటి కిట్టు కొనేటప్పుడు చూడాల్సింది అదొక్కటే. దోసకాయ మీద ఒకే వెడల్పు రిబ్బన్లు పక్కపక్కన నిలువుగా అతికించి చూడండి. నడుమ బాగానే కుదురుకుంటాయి, కొనల దగ్గరికొచ్చేసరికి ఒకదానిమీదొకటి ఎక్కి కూర్చుంటాయి. ఓడ ముక్కు దగ్గర జరిగేది ఇదే. ఓడ నడుమ చుట్టుకొలత ఎక్కువ, ముక్కు దగ్గర తక్కువ. అందుకే పొట్ట మీద పరిచే ప్రతి చెక్క పట్టీనీ ముందువైపుకి సన్నగా చెక్కుకుంటూ రావాలి, నానబెట్టి, వేడి చూపించి వంచాలి. వెనకవైపు వ్యవహారం తిరగబడుతుంది. అక్కడ పట్టీల మధ్య ఖాళీలు పడతాయి, వాటిలో సూదిమొన ముక్కలు ఇరికించాలి. ఇవేవీ తెలియని మన శూరుడు డబ్బాలోంచి తీసిన పట్టీని తీసినట్టే మేకు కొట్టి బిగిస్తాడు. నాలుగు వరసలకల్లా ముక్కు దగ్గర పట్టీలు అంచుల మీద లేచి నిలబడతాయి. అయిదో వరసకి లప్పం డబ్బా బయటికి వస్తుంది. ఉప్పు కాగితం వేసి రుద్దగా రుద్దగా లప్పం మిగులుతుంది, చెక్క పోతుంది.

‘ఫరవాలేదు, రెండో పొర ఉందిగా’ అంటాడు అమ్మేవాడు. ఈ ధైర్యవచనం ముందు వైద్యుల ధైర్యవచనాలు దిగదుడుపే. చాలా కిట్లలో ఆ రెండో పొర అర మిల్లీమీటరు మందం వాల్‌నట్ పట్టీ. కింద మిట్ట ఉంటే మిట్ట మీద, పల్లం ఉంటే పల్లంలో విశ్వాసంగా పడుకుంటుంది. తప్పును దాచడం దాని వల్ల కాదు. కాస్త మెరుగుపెట్టి చూపిస్తుంది, అంతే.

ఇంక డబ్బా మీద రాసి ఉండే ‘కొత్తవారికి అనుకూలం’ సంగతి. చాలాసార్లు ఆ ముద్ర పడేది ఓడ చిన్నదైనందుకు, ఒక్క కొయ్యే ఉన్నందుకు. పద్దెనిమిదో శతాబ్దపు కట్టర్ ఓడనే తీసుకోండి. కొయ్య ఒక్కటే, పొడవూ తక్కువే, కానీ ముక్కు గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. పట్టీ అంత తక్కువ దూరంలో అంత గట్టిగా వంగాలంటే చెయ్యి తిరిగినవాడికే చెమటలు పడతాయి. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని ఊరికే అనలేదు. ఇక లోపలి పుస్తకం. లంగరుకు తాడు ఎలా కట్టాలో అరపేజీ బొమ్మ ఉంటుంది. పట్టీలు ఎలా పరచాలన్నదానికి, ‘ఇప్పుడు పొట్టకు పట్టీలు పరచండి’ అని ఒకే వాక్యం. వంట పుస్తకంలో ‘ఇప్పుడు పెళ్లి భోజనం వండండి’ అని రాస్తే మనం ఊరుకుంటామా?

నిజంగా కొత్తవారి కోసం ఆలోచించి చేసినవీ లేకపోలేదు. అమెరికాలో మోడల్ షిప్‌వేస్ వారివి మూడు చిన్న పడవలున్నాయి: ఒక గ్రాండ్ బ్యాంక్స్ డోరీ, ఒక నార్వే ప్రామ్, ఒక లాబ్‌స్టర్ పడవ. ఈ వరసలోనే కట్టుకుంటూ పొమ్మని వాటి ఉద్దేశం. మొదటి రెంటికీ పలకలు కొన్నే, ఒకదానిమీదొకటి అంచు ఎక్కేలా వేస్తారు. పలక ఎందుకు వంగుతుందో, ఎక్కడ ఎదురుతిరుగుతుందో చేతికి అక్కడే తెలుస్తుంది. కానీ వీటికో ఘోరమైన లోపం ఉంది. ఫిరంగుల్లేవు. హాల్లో పెడితే చుట్టాలొచ్చి, ‘ఏమిటిది, పడవా?’ అంటారు. ఆ ఒక్క మాటకు భయపడి ఎందరు మొనగాళ్లు మూడంతస్తుల యుద్ధనౌకకు డబ్బు కట్టారో!

విక్టరీ కొననివారు వాసా కొంటారు. స్వీడన్ రాజుగారి ముచ్చట కొద్దీ శిల్పాలతో నిండిన ఆ ఓడ, 1628లో తొలి ప్రయాణంలోనే స్టాక్‌హోమ్ రేవులో మునిగింది. 1961లో పైకి తీశారు. అందరూ దాన్ని చూసి నవ్వుతారుగానీ, అది మునిగేలోపు 1,300 మీటర్లన్నా వెళ్లింది. అటక మీది వాసాలు డబ్బా మూత కూడా దాటలేదు. విక్టరీ కొన్నవారికి చెప్పుకోవడానికి ఇంకాస్త గౌరవమైన సాకు ఉంది. అసలు ఓడకు 1759లో వెన్నుదూలం వేశారు, నీళ్లలోకి దింపింది 1765లో. మధ్యలో యుద్ధం ముగిసి తొందర తగ్గిపోవడంతో, అస్థిపంజరాన్ని దాదాపు మూడేళ్లు అలాగే వదిలేశారు. కలప బాగా ఆరి, ఓడ ఆయుష్షు పెరిగిందంటారు. కాబట్టి ఇంట్లో ఎవరైనా ‘ఆ ఓడ ఏమైంది?’ అనడిగితే, ‘ఆరుతోంది’ అనండి.

ఇంకా నిలదీస్తే గ్రీనిచ్ పేరు చెప్పండి. అక్కడి మ్యూజియంలో నేవీ బోర్డు కాలపు నమూనాలు చాలావాటికి అడుగుభాగాన పలకలే ఉండవు. లోపలి పక్కటెముకలు కనబడాలని కావాలనే వదిలేశారు. మీ సగం ఓడ కూడా ఆ సంప్రదాయమేనని దబాయించవచ్చు. కాకపోతే అక్కడ కనిపించేవి ఒక్కొక్కటిగా కూర్చి, దగ్గరదగ్గరగా నిలబెట్టిన ఎముకలు. మీదాంట్లో, ‘ప్లాంక్ ఆన్ ఫ్రేమ్’ అని డబ్బా మీద అచ్చేసి అమ్మిన సరుకులో, కనిపించేవి దూరదూరంగా గాడిలో దిగేసిన డజనో పదిహేనో ప్లైవుడ్ అడ్డపలకలు. అంచుల్లో లేజరు కాల్చిన నలుపు, నడిమధ్యన 7, 8, 9 అని అంకెలు.