కప్పు తీసిన గొప్ప

ఇల్లు కట్టించి, స్లాబు పోయించి, గృహప్రవేశం అయ్యాక ఆ స్లాబు ఊడదీయించి "హమ్మయ్య, ఇప్పుడు ఇల్లు ఇల్లులా ఉంది" అనే మనిషి ఎక్కడా తగలడు. స్పోర్ట్స్ కార్ల లోకంలో మాత్రం అలాంటివాళ్లే రసజ్ఞులు. అమెరికాలో కార్వెట్టో, పోర్షె 911 టార్గానో కొనుక్కున్న పెద్దమనిషి, ఎండ కాస్త నులివెచ్చగా అనిపించగానే నెత్తి మీది పలక తీయించేసి రోడ్డెక్కుతాడు. ఎందుకయ్యా అంటే మూడు మాటలు చెబుతాడు: ఆకాశం కనబడాలి, గాలి తగలాలి, వేగం ఒంటికి తెలియాలి. మొదటి రెండింటితో నాకు పేచీ లేదు. ఆకాశం ఎవరి అబ్బ సొత్తూ కాదు. మూడోదే పచ్చి అబద్ధం. కప్పు తీసిన క్షణాన ఆ కారు పందెపు గుర్రం హోదా పోగొట్టుకుని పెళ్లి ఊరేగింపు గుర్రం అవుతుంది.

ఈ ఊడే కప్పు స్వేచ్ఛా పిపాసలో పుట్టిందనుకునేవాళ్లు దాని జాతకం ఒకసారి తిరగేయాలి. అది పుట్టింది భయంలో. బోల్తా పడితే తలకాయలు దక్కవు కాబట్టి, పైకప్పు లేని కార్లను అమెరికా ప్రభుత్వం నిషేధిస్తుందేమోనని 1960లలో కంపెనీలు బెంగ పెట్టుకున్నాయి. 1965లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటారు ప్రదర్శనలో పోర్షె, సీట్ల వెనక వెడల్పాటి ఉక్కు కమాను నిలబెట్టి, దానికీ ముందద్దానికీ మధ్య ఊడదీయగల కప్పు బిగించి, ఇదిగో సేఫ్టీ కాబ్రియోలె అని చాటింది. తెరిచినట్టూ ఉండాలి, మూసినట్టూ ఉండాలి. అవ్వా కావాలి, బువ్వా కావాలి. ఇంత జాగ్రత్తపరుడికి పెట్టిన పేరు మాత్రం టార్గా. సిసిలీ కొండదారుల్లో 1906లో మొదలై, ప్రాణాలకు తెగించినవాళ్లు నడిపిన టార్గా ఫ్లోరియో పందెం నుంచి తెచ్చుకున్న పేరది. ఆ పందెం ప్రపంచ చాంపియన్‌షిప్‌లో భాగంగా చివరిసారి జరిగింది 1973లో. గెలిచింది పోర్షె 911 కరేరా ఆర్‌ఎస్‌ఆర్. దాని కప్పు ఊడేది కాదు. పందెం గెలవదలచినవాడు కప్పు బిగించుకుని పోయాడు. ఆ పందెం పేరు తగిలించుకున్నవాడు కప్పు తీసి షికారు పోతున్నాడు.

కప్పంటే ఎండకు గొడుగు అనుకుంటే పొరపాటు. కారు ఒంటికి అది నడుం బిగించే దట్టీ. చెప్పుల డబ్బా మూత తీసి రెండు చివరలూ పట్టుకుని మెలితిప్పి చూడండి; మూత ఉన్నప్పుడు బిర్రుగా నిలిచినదే తడిగుడ్డలా తిరుగుతుంది. 1968 కార్వెట్‌కు ఒకే పలకగా ఊడే కప్పు పెడదామనుకున్న షెవ్రొలే, ఆ మెలికకు జడిసి నడినెత్తిన ఒక పట్టీ వదిలి కప్పును రెండు పలకలు చేసింది, అదే టీ-టాప్. 1984 కార్వెట్ దగ్గరికొచ్చేసరికి ఆ పట్టీ కూడా ఎగిరిపోయింది. పోయిన బిగువును ఎక్కడో ఒకచోట పూడ్చాలి గనక తలుపుల కింది గడపలు ఎత్తు పెంచారు. దాంతో ఆ కారెక్కడమంటే గట్టు దాటి బావిలోకి దిగడమే. పైగా దాని కప్పు తీయాలంటే రెంచి పట్టుకుని బోల్టులు విప్పాలి. స్వేచ్ఛకు కూడా పానా కావలసి వచ్చిందన్నమాట. 2014 నాటి 911 టార్గాలో ఈ చాకిరీ మోటార్లకు అప్పజెప్పారు. మీట నొక్కితే వెనకద్దం మొత్తం పైకి లేచి, కప్పును మింగి, మళ్లీ కుదురుగా కూర్చోడానికి దాదాపు 19 సెకన్లు. సెకనులో పదోవంతు కోసం ఆస్తులమ్ముకునే జాతి ఆ 19 సెకన్లనూ కళ్లప్పగించి చూస్తుంది.

ఇక గాలి. ఖాళీ సీసా మూతి మీదుగా ఊదితే బూమని మోగుతుంది కదా, కప్పు తీసిన కారు అలాంటి సీసాయే. కాకపోతే అడుగున మనిషి కూర్చుని ఉంటాడు. ముందద్దం మీదుగా ఎగిరిన గాలి వెనక కమాను దగ్గర సుడి తిరిగి లోపలికొచ్చి మెడ మీద చరుస్తుంది. నింపాదిగా పోతున్నంతసేపూ అది పిల్లగాలి. గంటకు 100 కిలోమీటర్లు దాటిందా, చెవిలో డప్పు. పనిచేసే చోట 8 గంటలకు సగటున 85 డెసిబెల్స్ మించితే వినికిడికి చేటని అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ గీత గీసింది. పైకప్పు తెరిచిన కార్లలో హైవే వేగం దగ్గర వైద్యులు కొలిస్తే శబ్దం ఆ గీత దాటింది. అందుకు విరుగుడుగా గాలిని మళ్లించే డిఫ్లెక్టర్లు అమ్ముతారు. గాలి రావడానికి ఒకసారి డబ్బు, వచ్చిన గాలిని ఆపడానికి మరోసారి. 2020 కార్వెట్‌కు 495 గుర్రాల దాకా బలం, గంటకు 300 కిలోమీటర్లు దాటే సత్తా ఉన్నాయి. కప్పు తీసి తీరిగ్గా తిరిగేటప్పుడు వాటిలో పట్టుమని పాతిక గుర్రాలకు పనుంటే గొప్ప. మిగతావి కల్యాణమండపం బయట కట్టేసినవి.

మరి మోటార్ సైకిల్‌కూ కప్పు లేదుగా అంటారు. లేదు, అందుకే దాన్ని నడిపేవాడు హెల్మెట్ పెట్టుకుంటాడు. లేని కప్పుకు డబ్బూ కట్టలేదు. పూర్తిగా తెరుచుకునే కన్వర్టిబుల్ కంటే టార్గా గట్టిదన్న వాదన మాత్రం ఒప్పుకోవలసిందే. గుడ్డి కన్నా మెల్ల మేలు, సరే. ఆ మెల్లను అందమని అమ్మడమే బాగాలేదు. కాలిఫోర్నియా తీరం వెంట సాయంకాలం పూట మెల్లగా పోతుంటే హాయి కాదా? హాయే, ఎవరు కాదన్నారు! ఆ హాయి మన షేర్ ఆటోలో చివర కూర్చున్నవాడికి చిల్లర డబ్బులకే దొరుకుతోంది. కాకపోతే ఆటోలో వాణ్ని ఎవరూ చూడరు. కిటుకంతా అక్కడుంది. 1980లలో హవాయి నేపథ్యంగా వచ్చిన 'మాగ్నమ్ పి.ఐ.' టీవీ సీరియల్లో టామ్ సెలెక్ కప్పు తీసిన ఎర్ర ఫెరారీ 308 నడిపాడు. ఆరడుగుల నాలుగంగుళాల కథానాయకుడు కప్పు కింద నక్కి కూర్చుంటే కెమెరాకు మిగిలేది మీసమే. నటుడికి అది వృత్తిధర్మం. తతిమ్మావాళ్ల మీద కెమెరా లేదు, సిగ్నల్ దగ్గర పక్క లేనువాళ్ల కళ్లు తప్ప.

ఇంతకీ ఊడదీసిన పలక ఎక్కడికి పోతుంది? 2020 కార్వెట్ వెనక డిక్కీలో గోల్ఫ్ సంచులు రెండు పడతాయని చెప్పుకున్నారు. కప్పు పెడితే వాటికి చోటుండదు. అందుకని కొందరు దాన్ని ఇంటి దగ్గరే వదిలి వెళతారు. గీతలు పడకుండా మెత్తటి గలీబులు, గోడకు తగిలించే స్టాండ్లు బజార్లో దొరుకుతాయి. యజమాని నెత్తి నడివీధిలో మాడుతుంటుంది. ఆ నెత్తిని కాయవలసిన కప్పు మాత్రం గలీబు కప్పుకుని గ్యారేజీ నీడలో పడుకుని ఉంటుంది.