నాన్నకు తెలియదట!

మోటారు వాహనాల చట్టం ప్రకారం బైకుకైనా కారుకైనా లైసెన్సు రావాలంటే 18 ఏళ్లు నిండాలి. 16 నిండినవారికి ఇంట్లోవాళ్ల సమ్మతి పత్రంతో 50 సీసీ మించని బండి నడిపే వెసులుబాటు ఉంది. అలాంటి పెట్రోలు బండి షోరూముల్లో దాదాపు కనిపించదు కాబట్టి, కొందరు నాన్నలు ఏకంగా 200 సీసీ బండి కొనిపెట్టి చట్టంలోని లోటు పూడుస్తున్నారు. పద్ధతిగా వెళ్లాలంటే ముందు ఎల్‌ఎల్‌ఆర్, అంటే లెర్నర్ లైసెన్సు. దాని గడువు ఆరు నెలలు; 30 రోజులు గడిచాకే డ్రైవింగ్ పరీక్ష. ఇంటర్ మొదటి ఏడాది కుర్రాడికి అంత ఓపిక ఎక్కడిది?

2019 సవరణలో వచ్చిన 199ఎ సెక్షన్ పిల్లవాడితో ఆగక పెద్దలనూ పట్టుకుంది. మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికో యజమానికో మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. కుర్రాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు లేదు. అప్పటిదాకా పెళ్లిచూపులకు కూడా బస్సులోనే వెళ్లాలి.

తమకు తెలియకుండానే జరిగిందని రుజువు చేసుకున్న పెద్దలకు మాత్రం మినహాయింపు ఉంది. ‘మావాడు పదో క్లాసులోనే బుల్లెట్ ఎక్కాడు’ అని వాట్సాప్‌లో స్టేటస్ పెట్టుకున్న తండ్రికి ఆ రుజువు కాస్త కష్టమే.