మునగని మొనగాడు

నల్లగొండలో క్లాక్ టవర్ సెంటర్ ఉంది. మహబూబ్‌నగర్‌లోనూ క్లాక్ టవర్ ఉంది. రెండు చోట్లా సాయంత్రం ఆరింటికి హోటల్లో చాయ్ ముందు పెట్టుకుని ఒక మనిషి కూర్చుని ఉంటాడు. లెక్కల సారు కావచ్చు, బీమా ఏజెంటు కావచ్చు, మండలాఫీసులో సీనియర్ అసిస్టెంటు కావచ్చు. ఉద్యోగం ఏదైనా చంకలో ఒక ఫైలు మాత్రం తప్పదు. వీపుకు గాలి సిలిండరు కట్టుకుని, కాళ్లకు రెక్కల చెప్పులు తొడుక్కుని, కృష్ణా నది అడుగుకు దిగి చూసి రావాలన్నది అతని సంకల్పం. 2016 పుష్కరాలప్పుడు చెప్పుకున్న సంకల్పమది. 2028 పుష్కరాలు దగ్గర పడుతున్నాయి. ఫైలు లావెక్కింది గానీ మనిషి తడవలేదు. జనం అతన్ని స్కూబా సారు అంటారు. "ఎప్పుడు దుంకుతున్నవ్ సారూ?" అని అడిగితే "నీళ్లింకా తేరలే తమ్మీ" అంటాడు. ఉత్త మాటల మనిషి అని ఊరి తీర్పు. ఆ తీర్పు తప్పని నా వాదన. నీటి అడుగుకు దిగే విద్యను మొదలంటా అర్థం చేసుకున్నవాడు ఈ రెండు జిల్లాల్లో ఎవడైనా ఉంటే అతనే. అర్థం చేసుకున్నాడు గనుకే దిగలేదు.

ఇలాంటి మనిషి ఈ నేల మీదే ఎందుకు పుట్టాడో ముందు చూడాలి. కోనసీమ వాడికి నీళ్లంటే తడి. నల్లగొండ, పాలమూరు వాళ్లకు నీళ్లంటే అంకె. పొలంలోకి బోరు బండి వచ్చిన రాత్రి ఇంటిల్లిపాదీ నిద్ర మానుకుని లెక్కపెట్టేది అడుగులే. నల్లగొండ పల్లెల్లో ఆ అంకె తేలాక ఇంకో అంకె కోసం చూడాలి, ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత అని. పొద్దున పేపరు తెరిస్తే సాగర్ 590 అడుగులకు ఇవాళ ఎంత, శ్రీశైలం 885 అడుగులకు ఎంత, జూరాలకు పైనుంచి ఎన్ని క్యూసెక్కులు వస్తున్నాయి అన్నవి పంచాంగంలో తిథి వారాల్లాగే చూసుకుంటారు. దేశంలో ఎక్కడెక్కడి కాలువలకో, ఆనకట్టలకో మట్టి మోసి పాలమూరు కూలీలు పేరు తెచ్చుకున్నారు. సొంత ఊరికి నీళ్లు రావడం మాత్రం అంచనాలు, సవరించిన అంచనాలు, శంకుస్థాపన శిలాఫలకాల రూపంలోనే ఏళ్లకేళ్లు చూశారు. నీళ్లను తాగకముందే కాగితం మీద చదవడం నేర్చిన జనంలోంచి, నీళ్లలో దిగకముందే కాగితం మీద మునిగే మనిషి రావడంలో వింతేముంది? 1943లో ఫ్రాన్సులో కుస్తో, గాన్యాన్ అనే ఇద్దరు కలిసి ఆక్వాలంగ్ తయారుచేసి మనిషిని చేపలతో సమానంగా నీళ్లలో తిరగనిచ్చారని లోకం మురిసిపోతుంది. మన సారు మనసు పారేసుకున్నది ఆ తిరుగుడు మీద కాదు, దానితోపాటు వచ్చే పట్టికల మీద.

అతన్ని వెక్కిరించేవాళ్లలో ఆ ఫైలు తెరిచి చూసినవాళ్లు లేరు. అందులో మొదటి కాగితం బరువుది. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం ఒంటి మీద అదనంగా పడుతుంది. మంచినీళ్లు తేలిక కాబట్టి నదిలో అదే పీడనానికి 10.3 మీటర్లు దిగాలి. తేలిక నీళ్లు మనిషిని తక్కువ తేలుస్తాయి కూడా. సముద్రంలో నడుముకు కట్టుకున్నంత సీసం నదిలోనూ కట్టుకుంటే మనిషి రాయిలా అడుగంటుతాడు. మనిషీ సామానూ కలిపి 100 కిలోలైతే దాదాపు రెండున్నర కిలోల సీసం తీసెయ్యాలి. ఈ లెక్కను సారు ఏటా దసరాకు ముందొకసారి, దసరా వెళ్లాక ఒకసారి వేస్తాడు. మధ్యలో యాట కూర ఉంటుంది గనుక రెండు జవాబులూ కలవవు. రెండో కాగితం చలిది. "మే నెలల మన దిక్కు చలేంది సారూ?" అని నవ్వుతారు. ఎండ వేడి చేసేది జలాశయం పై పొరనే. ఒక లోతు దాటాక నీళ్లు ఒక్కసారిగా చల్లబడతాయి. పైగా నీళ్లు ఒంటి వేడిని గాలి కంటే ఇరవై అయిదు రెట్లు వేగంగా లాగేస్తాయి. 37 డిగ్రీల ఒంటితో 25 డిగ్రీల నీళ్లలో గంట గడిపితే వణుకు తప్పదు, వణికే మనిషి గాలి తొందరగా తాగేస్తాడు. కాబట్టి రబ్బరు సూటు కావాలి. కురుమల గొంగడి తడిసినా వెచ్చదనం పోగొట్టుకోనట్టు, ఈ సూటు తడిసే పనిచేస్తుంది. లోపలికి చేరిన పలుచని నీటిపొరను ఒళ్లే కాచుకుంటుంది. మందం మూడు మిల్లీమీటర్లా, అయిదా అన్నది తేలడానికి రెండు సంక్రాంతులు పట్టిందని వినికిడి. అయిదే సరి అనుకున్నాక ఇంకో చిక్కు వచ్చింది. లోతుకు పోయేకొద్దీ ఆ రబ్బరు నొక్కుకుపోయి వెచ్చదనమూ తగ్గుతుంది, తేలే గుణమూ తగ్గుతుంది. అంటే సీసం లెక్క మళ్లీ మొదటికొచ్చింది. అప్పటికి దసరా కూడా వచ్చింది.

అయినా అతనికి ప్రాణానికి ప్రాణమైన అంకె వేరే ఉంది, 318.5. సముద్రమట్టానికి 300 మీటర్లు దాటిన చోట మునిగేవాళ్లు మామూలు పట్టికలు వాడకూడదు, ఎత్తు ప్రాంతాలకు వేరే లెక్క ఉందని శిక్షణ ఇచ్చేవాళ్లు చెబుతారు. నిండిన సాగర్ 180 మీటర్ల ఎత్తులో ఉంటుంది, శ్రీశైలం 270. నిండిన జూరాల 318.5. హిమాలయ సరస్సుల్లో మునిగేవాళ్లకు వర్తించే నియమంలోకి మన గద్వాల దగ్గరి జూరాల పద్దెనిమిదిన్నర మీటర్ల మెజారిటీతో నెగ్గి చేరింది! ఈ సంగతి తెలిసినప్పటి నుంచీ జూరాల పేరెత్తితే సారు గొంతు మారిపోతుంది. సాగర్‌లో మునగడమంటే అతని దృష్టిలో ఇప్పుడు చిన్నపిల్లల పని. ఆ చిన్నపిల్లల పని కూడా అతను చేయలేదు కదా అంటారా? పెద్ద పరీక్షకు చదివేవాడు చిన్న పరీక్ష రాస్తూ కూర్చోడు.

చదువుకున్నవాళ్ల ఆక్షేపణ ఇంకొంచెం బలమైనది. అక్కడ చూడ్డానికేముంది అంటారు వాళ్లు. సాగర్ అడుగున ఇక్ష్వాకుల విజయపురి ఉందని సారు ఊరించడం నిజమే. కానీ 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ వాళ్లు ఆ లోయంతా తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికీ అనుపుకూ తరలించి మళ్లీ కట్టారు. టికెట్ కొని లాంచీ ఎక్కితే ఒళ్లు తడవకుండా చూసి రావచ్చు. మిగిలిపోయినవాటి మీద ఒండ్రు పేరుకుంది. మొదట 408 టీఎంసీలనుకున్న జలాశయం ఇవాళ 312కు కుంచించుకుపోయిందంటే ఎంత మట్టి దిగిందో ఊహించుకోవచ్చు. ఇక సోమశిలకు అవతలి ఒడ్డున సంగమేశ్వరం గుడి. అది ఏడాదిలో చాలా నెలలు శ్రీశైలం నీళ్లలోనే ఉంటుంది, ఎండాకాలం నీళ్లు తగ్గాక తేలుతుంది. సిలిండరుతో పనేముంది, ఏప్రిల్ దాకా ఆగితే చెప్పులేసుకుని పోవచ్చు! ఈ మాటకు సారు దగ్గర జవాబుంది, నాకూ అది సబబుగానే తోస్తుంది. ఆస్ట్రియాలో గ్రూనర్ జే అనే చోట కొండల మంచు కరిగి వసంతంలో ఒక పార్కు మునిగిపోయేది. బెంచీలూ కాలిబాటలూ పచ్చగడ్డీ నీటి అడుగున కనిపించేవి. నీళ్లు తీసిన తర్వాత ఆ బెంచీల మీద ఎవరైనా కూర్చోవచ్చు, అయినా జనం మంచు నీళ్లలో దిగి వాటినే చూసి మురిసేవాళ్లు. ఎంతమంది దిగారంటే 2016 నుంచి అక్కడ మునగడాన్నే నిషేధించాల్సి వచ్చింది. కాబట్టి చూడ్డానికేముంది అన్నది ప్రశ్నే కాదు. ఆ నిషేధం కాగితం కూడా సారు ఫైల్లో ఉండాలి. దిగకపోవడానికి అంతర్జాతీయ సాక్ష్యం కదా.

మరికొందరు పిరికివాడని కొట్టిపారేస్తారు. వాళ్లకు ఈ విద్య పుట్టుక తెలియదు. లోతు నుంచి గబగబా పైకి వస్తే రక్తంలో కరిగిన నైట్రోజన్ బుడగలై మనిషిని మెలిపెడుతుంది. ఎంత లోతుకు ఎంతసేపు, ఎక్కడెక్కడ ఆగుతూ పైకి రావాలి అని ఇంగ్లండులో హాల్డేన్ 1908లో మొదటి పట్టికలు ప్రకటించాడు. ఆ పరీక్షలు ఎక్కువగా మేకల మీద జరిగాయి. పాలమూరు జిల్లాలో మేకలకేం కరువు లేకపోయినా మన సారు ఒక్క మేకనూ ఇబ్బంది పెట్టలేదు. ఆ మంచితనం ఎవరి లెక్కలోకీ రాదు. మునిగేవాళ్లలో ఒక కట్టుబాటు కూడా ఉంది. ఎవరైనా, ఏ క్షణానైనా, ఏ కారణం చెప్పకుండానైనా "ఇవాళ వద్దు" అనవచ్చు, తోటివాళ్లు మారుమాటాడకూడదు. ఎందరో కొమ్ములు తిరిగినవాళ్లు సిగ్గుపడి ఆ మాట అనలేక ప్రాణం మీదికి తెచ్చుకున్నారు. మనవాడు మాత్రం ఆ హక్కును ఏళ్లుగా ఒక్కసారి కూడా వదులుకోలేదు. ఇక ధైర్యవంతుల సంగతి చూద్దాం. సెలవు రోజున సాగర్ ఎడమ కాలువ గట్టు మీద సెల్ఫీ దిగి అలాగే నీళ్లలోకి దూకేవాళ్లున్నారు. వాళ్ల కోసం సాయంత్రానికి గజ ఈతగాళ్లను పిలుస్తారు. ఆ ఈతగాళ్లు సిలిండరు లేకుండా, ఊపిరి బిగబట్టి, చీకటి నీళ్లలో చేతులతో తడుముతూ వెతుకుతారు. వాళ్లనడగండి, నీళ్లంటే భయం లేనివాడంటేనే వాళ్లకు భయం. జూరాల నీళ్లలో మొసళ్లున్న సంగతీ మరిచిపోవద్దు. హాల్డేన్ పట్టికలో మొసలికి గడి లేదు. సారు ఒకటి గీసుకున్నాడు, ఇంకా నింపలేదు.

అనుమతుల సంగతికొస్తే ఫైల్లో సగం అదే. నది నడిమధ్యలో రాష్ట్రాల హద్దు ఉంది. 2023 నవంబర్ ఆఖరులో సాగర్ ఆనకట్ట మీద 26 గేట్లలో 13వ గేటు దగ్గర ముళ్లకంచె వేసి ఆంధ్రా పోలీసులు నిలబడటం, తర్వాత కేంద్ర బలగాలు రావడం అందరూ టీవీలో చూశారు. నీటి పైన ఇంత కాపలా ఉంటే, నీటి అడుగున దారి తప్పి నల్లగొండలో మునిగి పల్నాడులో తేలిన మనిషి ఎవరికి జవాబు చెప్పాలి? తెలంగాణకా, ఆంధ్రాకా, కృష్ణా యాజమాన్య బోర్డుకా? శ్రీశైలం వెనుక నీళ్ల వైపు పోతే పెద్దపులుల అభయారణ్యం, అక్కడ అటవీ శాఖ. ఏ అర్జీ ఎవరికి ముందు పెట్టాలో తేల్చకుండా దిగడం సారుకు చేతకాదు. దీన్ని సాకు అనేవాళ్లు ఒక్కసారి మీ భూమికి పట్టాదారు పాసుపుస్తకం తెచ్చుకుని వచ్చి మాట్లాడండి.

ఒక ఆక్షేపణకు మాత్రం నేను తల వంచుతాను. శ్రీశైలం నీళ్ల కింద ఉన్నవి వింతలు కావు, ఊళ్లు. 1980ల మొదట్లో కొల్లాపూర్, ఆలంపూర్ తాలూకాల జనం ఇళ్లు, పొలాలు, తాతల సమాధులు వదిలి బయటికొచ్చారు. ఇంటికో ఉద్యోగమని 1986లో 98 జీవో వచ్చింది; ఆ జీవో పట్టుకుని తిరిగినవాళ్ల తల నెరిసిపోయింది. వాళ్ల ముందు నిలబడి "మీ ఊరు చూసొస్తా, రబ్బరు సూటు కొంటున్నా" అనడం బాగుండదు. సారుకు ఆ మర్యాద తెలుసు. అతని ఫైల్లో సాగర్ ఉంది, జూరాల ఉంది, ఆ మునిగిన ఊళ్ల కాగితం లేదు. ఆ ఫైల్లో అన్నిటికంటే తెలివైన కాగితం అదేననిపిస్తుంది.

చివరి ఎత్తు అమెరికా బామ్మర్ది వేస్తాడు. "బావా, సూటు తెచ్చిన, కంప్యూటరు వాచీ తెచ్చిన, వైజాగ్‌ల కోర్సు ఫీజు నేనే కడ్త, ఇగ దిగు" అంటాడు. సారు దొరికిపోయాడనే అందరూ అనుకుంటారు. కానీ మునిగినవాడు తేలిన వెంటనే విమానం ఎక్కకూడదు, ఎత్తు ప్రాంతానికీ పోకూడదు. మునక లోతునూ సమయాన్నీ బట్టి ఎన్ని గంటలు ఆగాలో పట్టికలు చెబుతాయి. సాగర్ నీటిమట్టం 180 మీటర్లు, మహబూబ్‌నగర్ దాదాపు 500. తడి బట్టలతో ఇంటి బస్సెక్కితే మూడొందల మీటర్లకు పైగా ఎగిరినట్టే లెక్క. కాబట్టి ఆ రాత్రి సాగర్‌లోనే ఉండాలి. హిల్ కాలనీలో గదులు శని, ఆదివారాల్లో దొరకవు. మిగతా రోజుల్లో సారుకు సెలవు దొరకదు.