తిన్నరు సూత్రమునకు టీకాతాత్పర్యములు

మూలము: "ఏముందండీ, కాస్త తిన్నరు పెట్టి తుడిస్తే పోతుంది."

అవతారిక: గోడలకు ఎమల్షను వేయునపుడు ప్రక్కనున్న ఇనుపబీరువాపై పాతదుప్పటి యొకటి కప్పవలసినదని ఇంటివారు ముమ్మారు వేడినను వినిపించుకొనక, పౌడరు కోటింగు తలుపులపై తెల్లని తుంపరలు రాల్చి, అవి యెండిన పిదప, పనికుఱ్ఱవాని కొక సీసా నందించుచు రంగుల మేస్త్రి యనుగ్రహించిన వాక్యమిది.

టీక: 'తిన్నరు', 'తుడుచుట' స్పష్టములు. 'కాస్త' యనగా సీసాలో నున్నంత. 'పోతుంది' యనుదానికి మాత్రము కర్తను మనమే పూరించుకొనవలయును. మరక యని పామరులు. మెఱుపు అని సంప్రదాయజ్ఞులు. ఫలమునుబట్టి రెండవదియే గ్రాహ్యము.

విశేషము: అన్నంభట్టు తర్కసంగ్రహమున, వాక్యార్థజ్ఞానమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూడును హేతువులని చెప్పి, యోగ్యత లేమికి నిప్పుతో తడుపుటను ఉదాహరించెను. అచ్చట మాటలు ఒకదాని నొకటి కోరుచునే యున్నవి, చెంతచెంతనే యున్నవి. పదార్థములే పొత్తునకు ఒల్లవు. మేస్త్రి వాక్యమునకు పట్టిన దోషమిదియే. పౌడరు కోటింగు కుంచెతో పూసినది కాదు. విద్యుదావేశముచే ఇనుమున కంటించిన పొడిని సుమారు 180–200 డిగ్రీల వేడిలో కాల్చగా, కరగి, అణువులు పెనవేసికొని, 60–80 మైక్రానుల మందమున గట్టిపడిన పొర. డ్యూకో తిన్నరులోని టోలుయీను, కీటోనులవంటి ఘాటు ద్రావకములు దానిని కరిగింపజాలకున్నను ఉబ్బించి మెత్తపఱచును. ఆ స్థితిలో రుద్దినచో నునుపు చెదరి మసక మిగులును.

రుద్దుట యన్నంతనే మల్లినాథుడు జ్ఞప్తికి వచ్చును. మాఘునిపై ఆయన వ్యాఖ్యకు, అన్నిటిని ఒఱయునదను అర్థమున, సర్వంకష యనికదా పేరు! మూలములేనిది వ్రాయననియు, అక్కఱలేనిది పలుకననియు ప్రతిజ్ఞ చేసి, ఒక్క సమాసమును విప్పుటకు కోశమును, వ్యాకరణమును, అలంకారశాస్త్రమును పిలిచి సాక్ష్యమడిగినగాని ముందడుగు వేయని ఆ కోలాచలమువాడు, దుర్వ్యాఖ్యల విషముచే మూర్ఛిల్లిన కాళిదాసవాణిని బ్రతికించుటకే సంజీవని వ్రాయుచున్నానని చెప్పుకొనెను. పైపూతను తొలగించి అడుగుపూతను కాపాడుట యెట్లో ఆయన నడుగవలసినది, మేస్త్రిని కాదు. ప్రకృతమును మఱచితిమి.

తాత్పర్యము: నున్నని పొరపై పడిన ఎమల్షనుకు పట్టు తక్కువ. పచ్చిగా నున్నపుడు తడిగుడ్డ చాలును. ఎండినచో, గోరువెచ్చని సబ్బునీటిలో ముంచిన గుడ్డను మరకపై కొంతసేపు కప్పియుంచి, నానిన పిదప గోటితోనో ప్లాస్టిక్కు ముక్కతోనో మెల్లగా లేపవలయును. ఇంకను మిగిలినదానికి ఐసోప్రొపైలు ఆల్కహాలు దూదిపై అద్దుకొని, ముందుగా తలుపు అడుగున కంటబడనిచోట పరీక్షించి, తుడిచిన వెంటనే నీటిగుడ్డ వేయవలయును. ఉప్పుకాగితము, స్టీలుపీచు నిషిద్ధములు: గీతలగుండ తేమ చొచ్చి, పొరక్రింద తుప్పు ప్రాకును. ఇంతయు చేయుటకు అరపూట పట్టును; దుప్పటి కప్పుటకు అరనిమిషము. కొని యేడాదియైనను నిండని బీరువా, అరచేయంత మేర వెలవెలబోయి నిలిచినది.

పాఠాంతరము: మసకను చూపగా, "పాత బీరువా కదండీ" యని యుత్తరము వచ్చినది. ఇది ప్రక్షిప్తమని కొందఱు మేస్త్రి పక్షపాతులు వాదింతురు. కాని కూలిలెక్కలో తిన్నరు సీసా వెల వేఱుగ చేర్చియున్నందున, రెండు వాక్యములును ఏకకర్తృకములే యని నిర్ణయము.